టైరు పాలు

మా ఇంట్లోకి గేరు సైకిల్ వచ్చింది నా కోసం కాదు, మా ఆయన పొట్ట కోసం. ఆయన ఆత్మకూరులో హైస్కూలు సైన్సు మాస్టారు. షుగరు గుమ్మం దాకా వచ్చి నిలబడిందని, ఒళ్లు కాస్త కదిలించమని డాక్టరు చెప్పాడు. ఆ కదిలించడానికి మామూలు సైకిల్ పనికిరాదని, కొండలెక్కే సైకిలే కావాలని ఈయన పట్టుబట్టారు. లావు టైర్లు, ఇరవై ఒక్క గేర్లు, ముందు చక్రానికి స్ప్రింగులు.

"ఆత్మకూరులో కొండ యాడుండాదండీ?" అన్నాను.

"ఉదయగిరిలో ఉండాది గదా," అన్నారు, ఉదయగిరి మా వీధి చివర ఉన్నట్టు.

నాలుగు రోజులు తొక్కారు. ఐదో రోజు పొద్దున నడుము పట్టేసిందని పడుకున్నారు. ఆరో రోజుకు నడుము బాగయింది గానీ సైకిల్ మీద మనసు మాత్రం బాగవలేదు. అది వరండాలో గోడకు ఆనుకుని నిలబడిపోయింది. మా ఆయన నాయనమ్మ, మేమంతా అవ్వ అని పిలిచే ఎనభై దాటిన మనిషి, దాని హ్యాండిల్ మీద తన తువ్వాళ్లు ఆరేసుకోవడం మొదలుపెట్టింది. "మనవడు తెచ్చిన దండెం బలే గట్టిగా ఉండాదే," అనేది.

నేను పశువైద్య సహాయకురాలిని. పొద్దున్నే టీకాల డబ్బా పట్టుకుని చుట్టుపక్కల పల్లెలకు పోయి గొర్రెలకు, మేకలకు, బర్రెలకు సూదులు వేయడం నా పని. గొర్రెల దొడ్లు రోడ్డు పక్కన ఉండవు. కాలవ గట్లు దాటి, బీళ్లు దాటి, ఎక్కడో ఉంటాయి. నా స్కూటీ ఆ ఇసుక దారుల్లో చక్రాలు కూరుకుపోయి మొండికేసేది. ఒకరోజు అది అసలు స్టార్టే కాలేదు. దొడ్డి దగ్గర రెండు వందల గొర్రెలు నా కోసం ఎదురు చూస్తున్నాయి. నేను సైకిల్ మీద తువ్వాళ్లు తీసి అవ్వ చేతికిచ్చి, టీకాల డబ్బా వెనక కట్టుకుని ఎక్కేశాను.

ఎక్కాక తెలిసింది, అది ఎంత మంచి వాహనమో. ఇసుక, గులకరాళ్లు, ఎండిన పిల్లకాలవలు, దేన్నీ లెక్కచేయలేదు. పల్లెల్లో మొదటి వారం నన్ను చూడడానికి జనం ఇళ్లల్లోంచి బయటికొచ్చారు. రెండో వారానికి అలవాటు పడ్డారు. మూడో వారం నుంచి పంచర్లు మొదలయ్యాయి.

మా వైపు నేలలో పంట తక్కువైన చోట ముళ్లు ఎక్కువ. సర్కారు తుమ్మ ముళ్లు వేలెడేసి పొడుగుంటాయి. అవి లేని చోట పల్లేరుకాయలుంటాయి. పల్లేరుకాయ ఎటు పడినా ఒక ముల్లు ఆకాశం వైపే చూస్తుంది, అదే దాని తెలివి. వారంలో మూడు రోజులు నేను సైకిల్ తోసుకుంటూ నెల్లూరు రోడ్డులోని పంచర్ షాపుకు చేరేదాన్ని. ఆ షాపాయన యాభై ఏళ్ల మనిషి, మీసాలు దట్టంగా, మాట నెమ్మదిగా ఉండే రకం. లారీల టైర్లు ఆయన అసలు పని. అయినా నా సైకిల్ కనిపించగానే లారీని పక్కన పెట్టి నీళ్ల తొట్టి ముందుకు లాక్కునేవాడు.

"ఈ ట్యూబులో ట్యూబు తక్కువ, ప్యాచీలెక్కువ ఉండాయి మేడం," అన్నాడొకసారి. "ఇంకొక్కటి ఏస్తే ఇది పూర్తిగా నేను చేసిన ట్యూబే అవుతాది."

ఆ మాట ఇంట్లో చెబితే మా ఆయనలోని సైన్సు మాస్టారు నిద్ర లేచారు. రెండు రోజులు ఫోన్లో వీడియోలు చూశారు. మూడో రోజు అన్నం తింటూ ప్రకటించారు.

"ట్యూబు ఉంటేనే గదా పంచరు పడేది. ట్యూబే తీసేస్తే?"

మోటారు సైకిళ్లకు వచ్చినట్టే ఈ సైకిళ్లకూ ట్యూబు లేని పద్ధతి వచ్చిందట. చక్రం లోపలి అంచు చుట్టూ గాలి పోకుండా టేపు అంటించి, ట్యూబు తీసేసి, టైరులోకి తెల్లటి రబ్బరు పాలు పోస్తారు. చక్రం తిరుగుతుంటే ఆ పాలు లోపలంతా పరుచుకుంటాయి. ముల్లు దిగితే ఆ కంతలోకి పాలే పోయి, గడ్డకట్టి, మూసేస్తాయి. నడిపేవాళ్లకు తెలియను కూడా తెలియదు.

"రక్తం గడ్డకట్టినట్టు," అన్నారాయన, వేలు పైకెత్తి. తరగతి గదిలో ఎలా ఎత్తుతారో అలాగే.

సరంజామా ఫోన్లోనే తెప్పించారు. ఆదివారం మధ్యాహ్నం వరండాలో పాత దుప్పటి పరిచి, లుంగీ ఎగ్గట్టి కూర్చున్నారు. టైరు ఊడదీయడానికి నా అట్లకాడలు రెండూ తీసుకున్నారు. టేపు అంటించడం బాగానే జరిగింది. మూడుసార్లు అంటించారు కాబట్టి మూడోసారి బాగానే జరిగింది. తర్వాత సీసా మూత తీశారు. అచ్చం చిక్కటి పాలలా ఉంది. వాసన మాత్రం అమ్మోనియా. ఆయన కొలతగా పోయాలని సీసా మొత్తం ఒక స్టీలు చెంబులోకి వంపారు.

"ఇప్పుడు దీన్ని వాల్వు కంతలోంచి లోపలికి ఎక్కించాల. దానికొక పెద్ద సిరంజి..." అంటూ నా వైపు చూశారు.

ఆ పూటకు నా విలువ పెరిగింది. బర్రెలకు మందు పట్టడానికి వాడే పెద్ద సిరంజి ఒకటి కొత్తది నా పెట్టెలో ఉంది. సెలైన్ గొట్టం ముక్క తగిలించి, చెంబులోంచి పాలు లాగి, టైరులోకి ఎక్కించాను. ఇరవై ఏళ్ల సర్వీసులో ఇంత కదలకుండా నిలబడిన పేషెంటును చూడలేదు.

చిక్కంతా గాలి దగ్గర వచ్చింది. ట్యూబు లేని టైరులో గాలి నిలవాలంటే టైరు అంచులు రెండూ చక్రం గాడిలోకి ఒక్కసారిగా ఎగిరి కూర్చోవాలి. దానికి గాలి విసురుగా కొట్టాలి. మా ఆయన దగ్గర ఉన్నది చేతి పంపు. ఆయన పైనుంచి గాలి కొడుతుంటే అంచుల్లోంచి గాలీ పాలూ కలిసి బుసబుసా బయటికొస్తున్నాయి. గిన్నెలు తోమే సబ్బు నురగ పూశాం. ఇప్పుడు బుడగలతో సహా బయటికొచ్చాయి. ఆయన వేగం పెంచారు. లుంగీ జారింది. ఒక చేత్తో లుంగీ, ఒక చేత్తో పంపు. చేతి పంపు ఒక చేత్తో కొట్టే వస్తువు కాదు.

పొద్దుగూకే వేళకు మా వరండా, ఆయన మోకాళ్లు, గోడ మీది క్యాలెండరు అన్నీ తెల్లగా అయ్యాయి. టైరు మాత్రం పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది. "గాలి చాలలా. సూత్రం కరెక్టే," అని ఆయన స్నానానికి వెళ్లారు. చెంబులో ఇంకా సగం పైన పాలున్నాయి. అవి ఎండిపోకుండా చెంబు మీద పళ్లెం బోర్లించి వంటింటి గట్టు మీద పెట్టాను. అది నా తప్పే, ఒప్పుకుంటాను.

మరునాడు పొద్దున పాలాయన బండి హారన్ కంటే ముందు అవ్వ గొంతు వినిపించింది. నేను పళ్లు తోముకుంటూ బయటికొచ్చాను. వాకిట్లో అవ్వ చెంబు పట్టుకుని నిలబడింది. ఎదురుగా పాలాయన. ఆయన మా వీధికి పదేళ్లుగా పాలు పోస్తున్నాడు, పల్లెత్తు మాట పడినవాడు కాదు.

"ఏందిరా ఇది? ఏ బర్రెను పిండినావురా నువ్వు?" అని అవ్వ చెంబు ఆయన ముక్కు కిందికి తోసింది. "నిన్న సాయంత్రం తోడేసినాను. గరిటె పెడితే గరిటెనే ఎగరకొడతా ఉండాది!"

జరిగింది నాకు అర్థమై నోట్లో నురగతో అలాగే నిలబడిపోయాను. అవ్వకు చూపు మసక, ముక్కుకు వాసనా అంతంత మాత్రమే. గట్టు మీద చెంబు, చెంబులో పాలు, పొద్దుపోయింది. పాలు విరిగిపోతాయని ఒక గరిటెడు పుల్ల పెరుగు కలిపి మూత పెట్టేసింది.

పాలాయన చెంబులోకి చూశాడు. వేలితో నొక్కాడు. వేలు తిరిగొచ్చింది. మళ్లీ నొక్కాడు. తర్వాత చెంబు బోర్లించి అడుగున కొట్టాడు. చెంబు ఆకారంలో తెల్లటి ముద్ద ఒకటి కింద పడి, రెండుసార్లు ఎగిరి, మా తులసి కోట దాకా దొర్లుకుంటూ పోయింది.

ముగ్గురం దాన్నే చూస్తూ ఉండిపోయాం.

"అవ్వా," అన్నాడు పాలాయన చివరికి, చాలా మర్యాదగా, "మా బర్రె ఇట్టాంటి పాలిస్తే నేను మీ వీధిలో ఎందుకు తిరగతాను? చెప్పుల ఫ్యాక్టరీ పెట్టుకుని కుర్చీలో కూచుంటా."

"మరి ఏమయిందిరా?"

అప్పుడు నోరు కడుక్కుని వచ్చి నేను చెప్పాను. అది సైకిల్ పాలని. అవ్వ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. సైకిలుకు పాలు పోసే ఇంట్లో ఇన్నాళ్లూ తిన్నానా అన్నట్టు చూసింది. పాలాయన మాత్రం తన పేరు నిలబడినందుకు ఆరోజు మాకు ఒక గ్లాసు ఎక్కువ పోశాడు.

మా ఆయన లేచి వచ్చి, విషయం విని, కోప్పడతారనుకుంటే, ముద్దను రెండు చేతులతో ఎత్తుకుని వెలుతురులో తిప్పి చూశారు.

"రబ్బరు పాలలో ఆమ్లం పడితే గడ్డకడతాది! పెరుగులో ఉండేది ఆమ్లమే గదా! అవ్వా, నువ్వు చేసింది పెద్ద ప్రయోగం."

ఆ ముద్దను ఒక సంచిలో వేసుకుని బడికి తీసుకుపోయారు. మధ్యాహ్నం భోజనాల వేళ ఫోన్ చేసి, పదో తరగతి పిల్లలు ఇంత శ్రద్ధగా పాఠం ఎప్పుడూ వినలేదని చెప్పారు. అవ్వ రెండు రోజులు మాతో మాట్లాడలేదు. మూడో రోజు ఎదురింటి ఆవిడతో అరుగు మీద కూర్చుని చెబుతుంటే విన్నాను. "నా చెయ్యి అట్టాంటిది. నేను తోడేస్తే రబ్బరు గూడా తోడుకుంటాది."

రెండో సీసా వచ్చే లోపల ఇంకొకటి జరిగింది. ఉదయగిరిలో మా ఆయన అక్క ఉంది, నాకు వదిన. తమ్ముణ్ణి ఏడిపించడంలో ఆమెకు చిన్నప్పటి నుంచి మంచి ప్రాక్టీసు. అవ్వ ఫోన్లో అంతా చెప్పేసింది. వదిన ఫోన్ స్పీకర్లో పెట్టించి, ఇల్లంతా వినేలా నవ్వి, "సైకిల్లో ట్యూబు తీయడం తర్వాత, ముందు నీ పొట్టలో గాలి తీయించరా!" అంది.

ఆయనకు ఎక్కడో తగిలింది. "చూడక్కా, వచ్చే ఆదివారం ఇదే సైకిల్ మీద మీ ఇంటికి అన్నానికి వస్తాం. దోవలో ఒక్క పంచరు పడినా నా పేరు మార్చుకుంటాను."

నేను వంటింట్లోంచి విన్నాను. వస్తాం అన్నారు. ఆ సైకిల్ మీద మా ఇద్దరిలో ఎవరు కూర్చుంటారో ఆలోచించకుండానే అన్నారు.

ఈసారి నేరుగా పంచర్ షాపుకే పోయాం. లారీ టైర్లకు గాలి కొట్టే మిషను అక్కడుంది. షాపాయనకు విషయం చెబితే ముఖం చిన్నబోయింది.

"ట్యూబు తీసేస్తే మేడం మళ్లీ ఈ దిక్కుకు రారు గదా సార్. నాకుండే నికరమైన గిరాకీ మేడమే," అన్నాడు. అయినా మంచివాడు, గాలి గొట్టం విదిలించి ముందుకొచ్చాడు.

షాపు ముందు బెంచీ మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. కొండాపురం వైపు ఊళ్లలో పొలాలున్న కుటుంబం, ఎన్నికలప్పుడు ఆయన ఇంటి ముందు కార్లు ఆగుతాయి. తెల్లటి పంచె, తెల్లటి చొక్కా, భుజం మీద తెల్లటి కండువా. కారు టైరు మార్పించుకోవడానికి ఆగినట్టుంది. మా చుట్టూ అప్పటికే నలుగురైదుగురు చేరారు. పెద్దాయన కూడా లేచి వచ్చి దగ్గర నిలబడ్డారు.

నేను సిరంజితో పాలు ఎక్కించాను. షాపాయన గొట్టం వాల్వుకు ఆనించి మిషను విప్పాడు. ఒక్క క్షణం ఏమీ కాలేదు. ఆ తర్వాత 'టప్' అని మోత. మళ్లీ 'టప్'. టైరు అంచులు రెండూ గాడిలో కూర్చున్నాయి. రోడ్డు మీద పోతున్న గొర్రెల మంద ఒకటి ఆ మోతకు రెండుగా చీలి, సగం టీ కొట్టులోకి, సగం ఆసుపత్రి ఆవరణలోకి పోయింది. మంద వెనక వస్తున్న మనిషి నన్ను గుర్తుపట్టి, "ఏందమ్మా, సూదులయిపోయి బాంబులు పెట్టినావా?" అని అరుచుకుంటూ టీ కొట్టు వైపు పరిగెత్తాడు.

మా ఆయన పొంగిపోయారు. "కూచుంది! గొట్టం తీసెయ్!" అన్నారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. గాలి విసురుగా పోవాలని వాల్వు లోపల గాలిని ఆపే పుల్ల ముందే తీసి ఉంచాం. అంటే అక్కడ ఉన్నది మూత లేని కంత. పైగా వాల్వు కిందివైపు ఉంది, పాలన్నీ సరిగ్గా అక్కడే చేరి ఉన్నాయి. గొట్టం తీసేముందు చక్రం తిప్పి వాల్వును పైకి తెచ్చుకోవాలని వీడియోలో చెప్పారట. అది మా ఆయనకు గొట్టం తీశాక గుర్తొచ్చింది.

తెల్లటి ధార ఒకటి వంకర తిరుగుతూ లేచింది. మొదట షాపాయన మీసాలు, తర్వాత మా ఆయన కళ్లజోడు, ఆ తర్వాత పెద్దాయన. నేను వేలితో కంత మూశాను. పశువుల పనిలో ఉన్నవాళ్లకు దేనికైనా చెయ్యి ముందు పోతుంది.

షాపాయన మీసాల చివర ఒక చుక్క వేలాడుతోంది. పెద్దాయన మీద ఎంత పడిందో ఎవరికీ తెలియలేదు. తెల్ల బట్టల మీద తెల్ల పాలు కదా. "ఏం కాలేదులేమ్మా, ఏం కాలేదు," అంటూ ఆయన చేతులతోనే తుడుచుకున్నారు. సరిగ్గా అప్పుడే ఆయన ఊరి ఆటో ఒకటి అటుగా పోతుంటే, లోపలి జనమంతా ఆయనకు నమస్కారం పెట్టారు. ఆయనా అలవాటుగా రెండు చేతులూ జోడించారు. ఆటో దాటిపోయింది. చేతులు మాత్రం జోడించినవి జోడించినట్టే ఉన్నాయి.

మెల్లగా విడదీస్తే మధ్యలో జీడిపాకంలా దారాలు సాగాయి. పెద్దాయన ఆ దారాలను చూసి, తర్వాత భుజం మీద కండువా లాగి చూశారు. అది రాలేదు.

నేను క్షమాపణ చెప్పడానికి నోరు తెరిచేలోపే ఆయన నవ్వేశారు. "మంచిదేలేమ్మా. మీటింగుల్లో లేచినప్పుడల్లా ఇది జారిపోతా ఉంటాది. ఇంక జారదు." ఆయన కారెక్కి పోయేటప్పుడు కూడా కండువా ఒక వైపు భుజానికి నిక్కి నిలబడి ఉంది.

వాల్వు పైకి తిప్పి, పుల్ల బిగించి, మళ్లీ గాలి కొట్టాం. గాలి నిలబడింది. రెండో చక్రానికి ఏమీ చిందలేదు. అయినా చూసేవాళ్లంతా పది అడుగుల దూరంలో నిలబడ్డారు.

ఆదివారం తెల్లవారాక నేను సైకిల్ మీద, మా ఆయన పాత మోటారు సైకిల్ మీద బయలుదేరాం. ఆయన వెనక సీటుకు ఒక సంచి కట్టుకున్నారు. అందులో చేతి పంపు, అట్లకాడలు, మిగిలిన పాల సీసా, నా సిరంజి, రెండు కొత్త ట్యూబులు ఉన్నాయి. ట్యూబులెందుకండీ అంటే, "సైన్సులో అనుమానం ఉండాల," అన్నారు.

మెయిన్ రోడ్డు మీద లారీల జోరు ఎక్కువని పల్లెల దారి పట్టాను. పొద్దుటి గాలి చల్లగా ఉంది. శనగ చేలు దాటాక బీళ్లు మొదలయ్యాయి, ఒక్కో చోట దారికి రెండు వైపులా కంప కొట్టి పడేసి ఉంది. మామూలుగా అలాంటి చోట నేను దిగి సైకిల్ భుజానెత్తుకునేదాన్ని. ఆరోజు కళ్లు సగం మూసుకుని తొక్కుకుంటూ పోయాను. టకటకమని ఏవో దిగుతున్న చప్పుడు వినిపించింది. గాలి పోలేదు. పోతుందేమోనని అరగంట సేపు ఊపిరి బిగబట్టాను. అయినా పోలేదు. ఆ ఆనందం ఎలా చెప్పాలో తెలియదు. ఒక పాట అందుకున్నాను. వెనకనుంచి మా ఆయన హారన్ కొట్టారు. పాట బాగుందనో వద్దనో అడగలేదు.

సగం దారిలో నీళ్లు తాగడానికి ఆగాం. పక్కనే గొర్రెలు మేపుకుంటున్న ముసలాయన ఒకాయన కర్ర మీద గడ్డం ఆనించుకుని మా వైపు వచ్చాడు. సైకిల్ చుట్టూ ఒకసారి తిరిగాడు. వెనక టైరు దగ్గర కూర్చుని, కళ్లు చిట్లించి చూసి, "అమ్మా, దీనికి ఎన్ని ముండ్లు దిగినాయో చూసినావా?" అన్నాడు.

చూస్తే ఆరో ఏడో ఉన్నాయి. ఒక్కోదాని మొదట్లో చిన్న తెల్లటి చుక్క పూసి ఆరిపోయి ఉంది.

"ఉండనీ పెద్దాయనా, ఏం కాదు," అని నేను నీళ్ల సీసా వైపు తిరిగాను.

గొర్రె కాలిలో ముల్లు కనిపిస్తే చూస్తూ ఊరుకునే మనిషి కాదాయన. మొలతాడుకు వేలాడుతున్న, ముళ్లు పీకే చిన్న చిమటా తీసి, నేను వెనక్కి తిరిగేలోపు రెండు పీకేశాడు. బుస్సుమని రెండు సన్నటి ధారలు లేచాయి.

"ఓయమ్మ! మీ సైకిల్ పాలిస్తా ఉండాదే!" అని ఆయన వెనక్కి పడ్డాడు.

"తీయొద్దు! తీయొద్దు!" అని మా ఆయన మోటారు సైకిల్ కిందపడేసి పరిగెత్తుకొచ్చారు. ఆయన అరుపుకు కంగారుపడి ముసలాయన మూడోది కూడా లాగేశాడు.

"తిప్పండి! చక్రం తిప్పండి!" అని నేను అరిచాను. మా ఆయన సైకిల్ వెనక భాగం ఎత్తి పట్టుకున్నారు, నేను పెడలు గిరగిరా తిప్పాను. పాలు చుట్టూ చిమ్ముతున్నాయి. దగ్గరలో ఉన్న మూడు గొర్రెలకు మచ్చలు పడ్డాయి. ఒక మేకపోతు వచ్చి తన మూతి మీద పడింది నాకి, తుమ్మి, మళ్లీ మాకేసి చూడకుండా పోయింది. పదిసార్లు తిరిగేసరికి ధారలు సన్నబడ్డాయి. ఇరవైకి చుక్కలయ్యాయి. ఆ తర్వాత ఆగిపోయాయి. టైరు నొక్కి చూశాను. కాస్త మెత్తబడింది గానీ నిలబడింది.

ముసలాయన చాలాసేపు టైరునే చూశాడు. తర్వాత తన కాళ్ల వైపు చూసుకున్నాడు. అరిగిపోయి కంతలు పడ్డ టైరు చెప్పులు.

"ఆ పాలు రవ్వన్ని దీనికి గూడా పొయ్యమ్మా," అన్నాడు, ఎడమ చెప్పు విడిచి ముందుకు జరిపి.

నేను సిరంజి తీసి రెండు చెప్పుల కంతల్లోనూ పోశాను. ఆరేదాకా నడవొద్దని చెప్పాను. ఆయన ఒంటికాలి మీద నిలబడి కర్ర పట్టుకుని మాకు వీడ్కోలు చెప్పాడు. చేతి పంపు ఆరోజు పని చేసింది. కొంచెం గాలి కొట్టుకుని బయలుదేరాను.

ఉదయగిరి కొండ నీలంగా కనిపించింది. ఇంకెంతో దూరం లేదని నేను గేరు మార్చుకుంటుంటే వెనక ఏదో తేడాగా చప్పుడైంది. మోటారు సైకిల్ చప్పుడు ఆగిపోయింది. తిరిగి చూస్తే మా ఆయన రోడ్డు పక్కన నిలబడి వెనక చక్రం వైపు చూస్తున్నారు. ఎక్కడో మేకు దిగింది. ఆయన మోటారు సైకిల్ పాతది, దానికి ట్యూబు ఉంది.

నేను సైకిల్ తిప్పుకుని వెనక్కి పోయాను. నవ్వు ఆపుకోవడానికి నేను పక్కనున్న గచ్చకాయ చెట్టును శ్రద్ధగా చూశాను.

"నవ్వుకో, నవ్వుకో," అన్నారాయన.

అప్పుడు నవ్వాను. కింద కూర్చుని నవ్వాను. సంచిలో రెండు ట్యూబులున్నాయి, రెండూ సైకిలువే. మిగిలిన పాలన్నీ సిరంజితో ఆయన ట్యూబులోకి ఎక్కించి చూశాం. మేకు చేసిన కంత పెద్దది, పాలు లోపలికి పోయినంత వేగంగా బయటికొచ్చి రోడ్డు మీద కాలవ కట్టాయి. చివరికి ఉదయగిరికి పోతున్న ట్రాలీ ఆటో ఒకటి ఆపి, మోటారు సైకిల్‌ను దాంట్లోకి ఎక్కించి, దాన్ని పట్టుకుని ఆయన వెనక నిలబడ్డారు. నేను సైకిల్ మీద ముందు పోయాను.

వదిన వాకిట్లోనే నిలబడి ఉంది. మొదట నన్ను, తర్వాత ఆటోలో తమ్ముణ్ణి చూసింది. నవ్వలేదు. నవ్వితే చెప్పాల్సిన మాటలు తగ్గిపోతాయని దాచుకున్నట్టుంది. అన్నం వడ్డిస్తూ ఒక్కటే అడిగింది. "ఏం పేరు పెట్టుకుంటావురా కొత్తగా?"

"పంచరు సైకిల్‌కు పడితే అన్నాను," అన్నారు మా ఆయన, చేపల పులుసులో తల దించుకుని.

ఆ రోజు ఆదివారం. ఉదయగిరిలో పంచర్ షాపు మనిషి ఎవరిదో పెళ్లికి పోయాడని తెలిసింది. నాకేమో తిని లేచాక తొడలు బిగుసుకుపోయాయి, మెట్టు దిగడమే కష్టంగా ఉంది. పొద్దునొచ్చిన ఆటోనే మళ్లీ మాట్లాడుకుని, మోటారు సైకిల్, సైకిల్ రెండూ ఎక్కించి, వాటి మధ్య ఇద్దరం కూర్చుని ఆత్మకూరు బయలుదేరాం.

ఆటో ఎక్కడ ఆగినా ఎవరో ఒకరు దగ్గరికొచ్చారు.

"ఏం సార్, సైకిల్ పంచరా?"

"సైకిల్ కాదు, బండి," అనేవారు మా ఆయన. వాళ్లు లావు టైర్ల సైకిల్ వైపు చూసి, నా వైపు చూసి, జాలిగా తలూపి పోయేవారు. రెండో చోట ఒకాయన, "ఆడోళ్లు ఈ సైకిళ్లు తొక్కితే ఇంతే సార్," అన్నాడు. మూడో చోటికి వచ్చేసరికి మా ఆయన అలసిపోయి, "రెండూ పంచరే, పొండి," అనేశారు.

నేను ఆయన వైపు చూశాను. ఆయన మోటారు సైకిల్ హ్యాండిల్ వైపు చూశారు.

ఆత్మకూరు శివార్లలో ఆటో ఆపించాను. సైకిల్ దించమన్నాను. "కాళ్లు నొప్పి అంటివి గదా," అన్నారాయన. నొప్పే. మొదటి రెండు తొక్కుళ్లకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అయినా సాయంత్రం ఎండలో బజారు మధ్య నుంచి తొక్కుకుంటూ పోయాను, టీ కొట్టు దాటి, నెల్లూరు రోడ్డు పంచర్ షాపు దాటి. షాపాయన లేచి నిలబడి చూశాడు, సైకిల్‌ను కాదు, దాని వెనక వస్తున్న ఆటోను. ఆటోలో మోటారు సైకిల్ పట్టుకుని నిలబడ్డ మా ఆయన, తెలిసినవాళ్లందరికీ నమస్కారాలు పెట్టుకుంటూ నా వెనకే వచ్చారు.